అనంతగిరి చలవ ఎత్తులో లేదు

సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో బతికే కుటుంబానికి వారంలో తనదంటూ ఉండేది ఒక్క రోజు. ఆ ఒక్క రోజులోనే బట్టలు ఉతుక్కోవాలి, సరుకులు తెచ్చుకోవాలి, నైట్‌ షిఫ్టుల్లో బాకీపడ్డ నిద్ర తీర్చుకోవాలి. మిగిలిన పూటలో పిల్లల్ని కాస్త చల్లని చోటికి తీసుకెళ్దామంటే ఊటీ, కొడైకెనాల్‌ లెక్కలోకే రావు. అరకు కూడా రాదు. పొద్దున బయల్దేరి చీకటిపడేలోగా ఇల్లు చేరగలిగిన దూరంలో ఉన్నది వికారాబాద్‌ పక్కనున్న అనంతగిరి. పటాన్‌చెరు నుంచి శంకర్‌పల్లి మీదుగా అరవై కిలోమీటర్లకు అటూఇటూ, సంగారెడ్డి నుంచి మోమిన్‌పేట మీదుగా యాభైకి అటూఇటూ. బండి లేనివాళ్లకు లింగంపల్లిలో రైలుంది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం కాలంలో వేసిన లైను వికారాబాద్‌ మీదుగానే పోతుంది. ఇంత దగ్గరగా ఉన్న ఈ కొండ గురించి ఒక విషయం తేల్చుకోవాల్సిన సమయం వచ్చింది. అక్కడి చలవ ఎక్కడి నుంచి వస్తోంది? ఎత్తు నుంచా, అడవి నుంచా? ఎత్తువల్ల వచ్చిన చలిని ఎవరూ చెరపలేరు. అడవివల్ల వచ్చిన చలవను మాత్రం పదేళ్లలో పోగొట్టుకోవచ్చు. అనంతగిరిది రెండో రకం. కాబట్టి ఆ కొండకు ఎవరు వెళ్లాలి, ఎలా వెళ్లాలి, అక్కడ ఏం కట్టనివ్వాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు అడవి దగ్గరే మొదలవ్వాలి.

ముందు ఎత్తు లెక్క చూద్దాం. పైకి వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుందన్నది వాతావరణ శాస్త్రంలో అందరూ ఒప్పుకున్న సగటు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌ సముద్రమట్టానికి 545 మీటర్ల ఎత్తున ఉంది. ఊటీ ఎత్తు 2,240 మీటర్లు. అంటే కేవలం ఎత్తువల్లే అక్కడ పదకొండు డిగ్రీల తేడా వస్తుంది. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండలు 1,265 మీటర్లు, తేడా నాలుగున్నర డిగ్రీల పైచిలుకు. మరి వికారాబాద్‌? ఊరు దాదాపు 640 మీటర్లు, కొండ అంతకన్నా కొంచెం పైన. పటాన్‌చెరుకూ దీనికీ మధ్య నూటయాభై మీటర్ల తేడా వేసుకున్నా, దానివల్ల దిగే వేడి ఒక్క డిగ్రీ. ఇక్కడో గందరగోళం కూడా ఉంది. విశాఖ నుంచి అరకు వెళ్లే దారిలో, కాఫీ తోటల నడుమ ఇంకో అనంతగిరి ఉంది. దాని ఎత్తును తెచ్చి వికారాబాద్‌ కొండకు అంటగట్టే రాతలు తరచూ కనబడుతుంటాయి. అవి చదివి వెళ్లినవాళ్లు కొండెక్కినట్టే లేదని నిరాశపడతారు. నిజమే, ఎక్కినట్టు ఉండదు. అయినా ఆగస్టు మధ్యాహ్నం ఆ చెట్ల కింద నిలబడిన మనిషికి ఒంటికి తెలిసే తేడా ఒక్క డిగ్రీ కాదు. ఆ మిగిలిన తేడా ఏమిటో వెతకాలి.

సగం జవాబు చెట్టులో ఉంది. చెట్టు నీడ మాత్రమే ఇవ్వదు, వేడిని గుంజుకుంటుంది కూడా. వేళ్లతో పీల్చిన నీటిని ఆకుల గుండా ఆవిరి చేస్తుంది. ఒక్క లీటరు నీరు ఆవిరైతే దాదాపు 580 కిలోక్యాలరీల వేడి చుట్టుపక్కల గాలి నుంచి పోతుంది. కరెంటు లెక్కలో చెప్పాలంటే అది ముప్పావు యూనిట్‌కు కాస్త తక్కువ. నీళ్లు బాగా దొరికే పెద్ద చెట్టు రోజుకు వంద లీటర్లకు తక్కువ కాకుండా ఆవిరి చేయగలదు. టేకు, నల్లమద్ది, తునికి, మోదుగ కలిసి పెరిగిన అడవి రోజంతా ఈ పనే చేస్తూంటుంది. సిమెంటు రోడ్డు, రేకుల షెడ్డు, తారు వేసిన లారీల పార్కింగ్‌ జాగా దీనికి సరిగ్గా ఎదురు. పగలంతా ఎండను దాచుకుని రాత్రి పదింటిదాకా వెళ్లగక్కుతూ ఉంటాయి.

మిగతా సగం జవాబు నేలలో ఉంది. ఆ సంగతి చాలామంది పట్టించుకోరు. వికారాబాద్‌ నుంచి కోహీర్‌, జహీరాబాద్‌ మీదుగా బీదర్‌ దాకా పరుచుకున్నది నల్లరాతి మీద ఎర్రటి టోపీ పెట్టినట్టుండే పీఠభూమి. ఆ ఎర్రరాయినే లాటరైట్‌ అంటారు. జహీరాబాద్‌ వైపు పాత ఇళ్ల గోడల్లో ఆ రాయిని దగ్గర్నుంచి చూస్తే వేలు దూరేంత తూట్లు, ఆ తూట్ల నిండా పసుపు కలిసిన ఎరుపు మట్టి కనిపిస్తాయి. తవ్వినప్పుడు గొడ్డలితో చెక్కగలిగినంత మెత్తగా ఉండి, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. వానాకాలంలో పడిన నీళ్లను ఈ రాయి తూట్లగుండా లోపలికి దించుకుంటుంది. కింద నల్లరాయి అడ్డం పడేసరికి ఆ నీరు పక్కలకు జారి, కొండ అంచుల్లో ఊటలుగా బయటికొస్తుంది. అనంతగిరి అడవిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి దగ్గర చూసేది ఇదే. మూసీ నది మొదలయ్యేదీ ఈ కొండల్లోనే. బీదర్‌లో బహమనీ సుల్తాన్లు 15వ శతాబ్దంలో ఈ రాయి గుణం తెలుసుకునే నౌబాద్‌ దగ్గర నేలకింద సొరంగం తవ్వించి, అక్కడక్కడా బావులు దించి, ఊరికి నీళ్లు తెచ్చారు. కరేజ్‌ అని పిలిచే ఆ కాలువ ఇప్పటికీ ఉంది. అదే శతాబ్దం తొలి సగంలో అహ్మద్‌ షా గుల్బర్గాను వదిలి బీదర్‌ను రాజధాని చేసుకోవడానికి అక్కడి నీళ్లూ గాలీ కూడా ఒక కారణమని చరిత్రకారులు చెబుతారు. నేల తడిని దాచిపెడుతుంది, చెట్టు ఆ తడిని తోడి గాలిలో కలుపుతుంది. కొత్త కుండ తన ఒంట్లోంచి నీటిని చెమర్చుకుంటూ లోపలి నీటిని చల్లబరిచే పద్ధతే ఇది. కుండకు రంగేసి ఆ సన్నని రంధ్రాలు మూసేస్తే నీళ్లు చల్లబడవు. కొండకు సిమెంటు పూసినా జరిగేది అదే.

ఇదంతా ఊహ కాదా అని అడిగేవారికి సాక్ష్యం పటాన్‌చెరులోనే ఉంది. చలికాలం వచ్చిందంటే హైదరాబాద్‌ పరిసరాల్లో అతి తక్కువ ఉష్ణోగ్రత పటాన్‌చెరులో నమోదైందన్న వార్త తరచూ చదువుతుంటాం. బేగంపేట కన్నా మూడు నాలుగు డిగ్రీలు తక్కువ ఉన్న రోజులు చాలా ఉంటాయి. పొగగొట్టాల ఊరికి ఈ చలి ఎలా వచ్చింది? కొలిచే చోటు ఇక్రిశాట్‌. 1972లో మొదలైన ఆ పరిశోధన సంస్థ ఆవరణ దాదాపు 1,400 హెక్టార్లు. జొన్న, కంది, శనగ, వేరుశనగ చేలూ చెట్లూ చెరువూ పిట్టలూ. దాని గోడకు ఇవతల హైవే, అవతల కార్ఖానాలు. గోడ లోపలా బయటా ఎత్తు ఒకటే, రెండింటి మీదా ఉన్న ఆకాశం ఒకటే. తేడా అల్లా నేలమీద ఏముందన్నదే. ఇందులో ఒక జాగ్రత్త పాటించాలి. రాత్రి చలికి ప్రధాన కారణం చెట్టు కాదు, వేడిని త్వరగా వదిలేసే బయలు నేల. పగటి చలవకే చెట్టు ముఖ్యం. రాష్ట్రంలో చలికాలపు కనిష్ఠాలకు పేరుపడ్డ కోహీర్‌, జామతోటల కోహీర్‌, మన సంగారెడ్డి జిల్లాలోనిదే. అక్కడ బయలూ ఉంది, కొంచెం ఎత్తూ ఉంది. రాత్రి చలికీ పగటి చలవకీ కారణాలు వేరు. అయినా రెండూ తేల్చేది ఒక్కటే. మన ప్రాంతంలో చల్లదనాన్ని నిర్ణయించేది ఎన్ని మీటర్లు ఎక్కామన్నది కాదు, కాలికింద ఏ నేల ఉందన్నది.

మన పెద్దలకు ఈ లెక్కలు తెలియకపోవచ్చు, ఎంపిక మాత్రం సరిగ్గా చేశారు. కార్తీకంలో కుటుంబమంతా కలిసి బయటికెళ్లే వనభోజనానికి వాళ్లు ఎత్తు అడగలేదు, చెట్టు అడిగారు. అదీ ఉసిరి చెట్టు. అనంతగిరిలో అనంత పద్మనాభస్వామి జాతరా కార్తీకంలోనే జరుగుతుంది, అప్పటికి వానలు వెళ్లి అడవి పచ్చగా, వాగు పారుతూ ఉంటుంది. ఆ కాలంలోనే రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు దిగుతాయి. ఒక్కరోజు సెలవుకు కొత్త పేర్లు పెట్టుకున్నాం గానీ, పొద్దున వెళ్లి చెట్టుకింద వండుకుని తిని సాయంత్రానికి ఇల్లు చేరడం ఈ నేలకు కొత్త కాదు.

అయితే కొండగాలికి లేని మహిమలు అంటగట్టకూడదు. అనంతగిరికి ఆ గొప్ప ఒకప్పుడు ఉండేది. 1940లలో నిజాం ప్రభుత్వం ఇక్కడ క్షయ ఆసుపత్రి పెట్టింది. అప్పటికి క్షయకు మందు అందుబాటులో లేదు. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి, ఇంతే వైద్యం. మదనపల్లె పక్క ఆరోగ్యవరం కూడా అలా వెలిసిందే. తర్వాత స్ట్రెప్టోమైసిన్‌ వచ్చింది, 1952లో ఐసోనయాజిడ్‌ వచ్చింది. మద్రాసులో రోగుల్ని రెండు జట్లుగా చేసి, ఒక జట్టును శానటోరియంలో ఉంచి, మరో జట్టుకు వాళ్ల ఇరుకు ఇళ్లలోనే అవే మందులిచ్చి ఏడాదిపాటు గమనించారు. 1959లో వెలువడిన ఫలితం ప్రపంచ వైద్యాన్నే మార్చింది. ఇంట్లో ఉన్నవాళ్లూ శానటోరియంలో ఉన్నవాళ్లతో దాదాపు సమానంగానే కోలుకున్నారు. రోగం తగ్గించింది మందు, కొండగాలి కాదు. ఆ మందుల్ని టన్నులకొద్దీ తయారుచేసే పరిశ్రమ తర్వాతి దశాబ్దాల్లో హైదరాబాద్‌ చుట్టూ పెరిగింది. బాలానగర్‌ ఐడీపీఎల్‌తో మొదలై, బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం, గడ్డపోతారం దాకా విస్తరించింది. ఈ చరిత్ర తెలిసినవారు ఎవరూ అనంతగిరి గాలి జబ్బులు నయం చేస్తుందని చెప్పరు. నేనూ చెప్పను. జబ్బు లేని మనిషికీ విశ్రాంతి కావాలి, చెట్ల నడుమ పిల్లలు గంటసేపు పరుగెత్తడానికి రోగకారణం అక్కర్లేదు. వాదన అంతవరకే, అది చాలు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. కొండదాకా ఎందుకు, ముందు మన ఊళ్లోని గాలినీ నీటినీ బాగుచేయమనండి అంటారు. పటాన్‌చెరు వాళ్లకు ఆ మాట అనే హక్కు అందరికన్నా ఎక్కువ. కార్ఖానాల వ్యర్థాలతో నక్కవాగు రంగు మారిన కథ నలభై ఏళ్ల నాటిది. 1990లోనే ఈ కాలుష్యం మీద కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం 1994లో వచ్చింది. 2007లో స్వీడన్‌ పరిశోధకులు ఆ కేంద్రం నుంచి శుద్ధయి బయటికొచ్చే నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్‌ ఉందని ప్రకటించారు. సూక్ష్మజీవుల్ని చంపే మందు వాగుల పాలైందని ప్రపంచమంతా ఈ ఊరి పేరు చదివింది. పటాన్‌చెరులోనే వైద్యం చేసిన డాక్టర్‌ అల్లాణి కిషన్‌రావు దశాబ్దాలపాటు దీనిమీద పోరాడారు. ఈ పోరాటాన్ని పక్కనపెట్టి కొండకు పోయి రండి అని చెప్పడం అన్యాయమే. కానీ అనంతగిరి గురించి మనం తెలుసుకున్నది ఈ పోరాటానికే బలమిస్తుంది. కొండ చలవ ఎత్తువల్లే అయితే పటాన్‌చెరుకు ఆశ లేదు, ఊరిని పైకి లేపలేం కదా. అడవివల్ల, నీరు దాచుకునే నేలవల్ల అయితే, దానిలో కొంతైనా ఇక్కడ సాధ్యం. పారిశ్రామికవాడ అనుమతుల్లో రాసుకున్న పచ్చదనపు పట్టీ కంచె వెంట నాలుగు వరసల మొక్కలుగా మిగలకుండా నిజమైన తోపుగా పెరగాలి. చెరువు చుట్టూ కట్ట మీద చెట్లుండాలి. అడవిలో ఒక పూట గడిపొచ్చిన కుటుంబానికి తన వీధిలో లేనిదేమిటో ఒంటికి తెలిసొస్తుంది. ఎలా ఉండాలో చూసినవాళ్లే గట్టిగా అడుగుతారు.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. 2025 జూన్‌ 30న పాశమైలారం ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో యాభైమందికి పైగా కార్మికులు బలయ్యారు. వాళ్లలో చాలామంది బిహార్‌, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ వంటి రాష్ట్రాల నుంచి బతుకుతెరువుకు వచ్చినవాళ్లు. ప్రాణానికే భరోసా లేనిచోట విహారయాత్రల ముచ్చటా అని అడిగితే తలొంచుకుని వినాల్సిందే. భద్రత ముందు, జీతం ముందు. అందులో వాదనే లేదు. కాని విశ్రాంతి వాటి తర్వాత ఎప్పుడో తీరిగ్గా ఇచ్చే కానుక కాదు, ఆ హక్కుల వరసలోదే. వారానికి ఒక సెలవు, ఇరవై రోజుల పనికి ఒక రోజు జీతంతో సెలవు 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాసిపెట్టారు. కాంట్రాక్టు మీద పనిచేసే మనిషికి ఆ సెలవు ఓటీ కింద కరిగిపోతోంది. అలసిన చేతులతో, నిద్ర చాలని కళ్లతో రియాక్టర్‌ దగ్గర నిలబడే మనిషి తనకే కాదు, పక్కవాడికీ ప్రమాదం. పారిశ్రామిక విప్లవం పుట్టిన చోట ఈ సంగతి కార్మికులే ముందు గుర్తించారు. మాంచెస్టర్‌ మిల్లులకు దగ్గర్లోనే కిండర్‌ స్కౌట్‌ అనే కొండబీడు ఉండేది, భూస్వాములు పిట్టల వేటకోసం దాన్ని మూసి ఉంచేవారు. 1932 ఏప్రిల్‌ 24న, ఆదివారం, కొన్ని వందలమంది కార్మిక యువతీయువకులు ఆ కొండ మాదీ అంటూ నడిచి ఎక్కారు. ఐదుగురు జైలుకెళ్లారు. 1951లో ఆ ప్రాంతమే బ్రిటన్‌ తొలి జాతీయ ఉద్యానం అయింది. ఫ్యాక్టరీల పక్కనున్న కొండ ఆ ఫ్యాక్టరీల్లో చెమటోడ్చేవారిది కూడా అన్నది అక్కడ తేలిన న్యాయం. అనంతగిరి విషయంలో మనకు ఆ గొడవ అక్కర్లేదు, అడవి ప్రభుత్వానిదే. దాన్ని అలాగే ఉంచుకోగలగాలి.

అలా ఉంచుకోగలమా అన్నదే అసలు భయం. కొండ చుట్టూ పట్టా భూముల్లో రిసార్టులూ ఫామ్‌హౌస్‌లూ ఏటా పెరుగుతున్నాయి. మూసీ దిగువన ఉస్మాన్‌సాగర్‌, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి 1996లో 111 జీవో 84 గ్రామాల మీద పెట్టిన ఆంక్షలను ఎత్తేస్తూ 2022 ఏప్రిల్‌లో ఉత్తర్వులిచ్చారు. ఆ రెండు జలాశయాలూ 1908 మూసీ వరద తర్వాత కట్టినవి. వాటికి నీరొచ్చే ఎగువ కొండల్లోనే, పూడూరు మండలం దామగుండం అడవిలో, నౌకాదళ రేడియో సమాచార కేంద్రానికి 2,900 ఎకరాలు కేటాయించి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన చేశారు. దేశ రక్షణ అవసరాన్ని ఎవరూ కాదనరు. కానీ ఈ కొండల అడవి దేనికైనా కోసివ్వగల ఖాళీ జాగా కాదు, దిగువ నగరానికి నీరూ చుట్టుపక్కలకు చలవా అందించే వ్యవస్థ. ఒక్కో నిర్ణయం విడిగా చూస్తే సబబే అనిపిస్తుంది. అన్నీ కలిస్తే ఏమవుతుందో లెక్కకట్టే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు.

జనం వెళితే పాడవుతుంది కాబట్టి వెళ్లొద్దనడం పరిష్కారం కాదని నా గట్టి నమ్మకం. పొద్దున వచ్చి సాయంత్రం పోయే కుటుంబం కొండకు చేసే నష్టం తక్కువ. టిఫిన్‌ డబ్బా తెచ్చుకుంటుంది, గుడి చూస్తుంది, బుగ్గ దాకా నడుస్తుంది, సీతాఫలాలు కొనుక్కుంటుంది. రాత్రంతా డీజే, ఈత కొలనుకు బోరు, గదికో ఏసీ అడిగే విడిదే ఈ నేలనుంచి ఎక్కువ తీసుకునేది. ఆ బోరు తోడే నీరు బుగ్గకు రావాల్సిందే. ఉద్యోగాల మాట చెబుతారు, నిజమే, రిసార్టులో కొన్ని కొలువులున్నాయి. కానీ పగటి యాత్రికుల మీద టీ, పండ్లు, భోజనం అమ్ముకునే ఇళ్లు అంతకు తక్కువేమీ సంపాదించవు, వాటికి అడవిని నరకాల్సిన పనీ లేదు. స్వదేశ్‌ దర్శన్‌ పథకం కింద అనంతగిరిని ఎంపిక చేశారు కాబట్టి, ఆ డబ్బు దేనిమీద ఖర్చుపెడతారన్నది ఇప్పుడే అడగాలి. మరుగుదొడ్లు, తాగునీరు, చెత్త దించే ఏర్పాటు, నడిచే దారి, అడవి దారి చూపే స్థానిక యువకులకు జీతం వీటికైతే మంచిది. అద్దాల వంతెనలూ కొండమీద పార్కింగులూ ఈ కొండకు భారం. ప్లాస్టిక్‌ పళ్లేలూ బిర్యానీ కవర్లూ మాత్రం మన తప్పే, దానికి ఏ ప్రభుత్వాన్నీ అనలేం.

కాలం సంగతి కూడా దాచకూడదు. ఇది ఆకురాల్చే అడవి. మార్చి వచ్చేసరికి టేకు బోసిపోతుంది, ఏప్రిల్‌, మే నెలల్లో మధ్యాహ్నం అక్కడ కూడా ఎండ మండుతుంది. పిల్లలకు బడి సెలవులు ఉండేది అప్పుడే కావడం మన దురదృష్టం. ఆ నెలల్లో అనంతగిరి చల్లగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. జూలై నుంచి ఫిబ్రవరి దాకా ఈ కొండ తన మాట నిలబెట్టుకుంటుంది. కోట్‌పల్లి చెరువు దాకా వెళ్లేవాళ్లు పడవ ఎక్కేముందు లైఫ్‌ జాకెట్‌ అడిగి వేసుకోవాలి, లోతు తెలియనిచోట పిల్లల్ని నీళ్లలోకి దించకూడదు. ఈ చుట్టుపక్కల జలాశయాల్లో పోయిన ప్రాణాలు ఇప్పటికే చాలా ఎక్కువ.

ప్రభుత్వం చేయగల పనుల్లో అన్నిటికన్నా చౌకైనది, అందరికన్నా ముందు కార్మికుడికి అందేది బస్సు. సంగారెడ్డి నుంచో పటాన్‌చెరు నుంచో అనంతగిరి కొండదాకా పొద్దున ఏడింటికి వెళ్లి సాయంత్రం ఐదింటికి తిరిగొచ్చే ఆర్టీసీ బస్సు. బండి ఉన్నవాడికి ఇది అక్కర్లేదు. అమ్మను, ఇద్దరు పిల్లల్ని ఒకే స్కూటర్‌ మీద కూర్చోబెట్టి లారీల హైవే దాటాల్సినవాడికి ఇదే కావాలి. కార్లు తగ్గితే కొండమీద పార్కింగ్‌ కోసం చెట్లు కొట్టే అవసరమూ తగ్గుతుంది. ఆగకుండా నడిచే ప్లాంట్లలో వీక్లీ ఆఫ్‌ అందరికీ ఆదివారమే రాదు, ఒక జట్టుకు మంగళవారం, ఇంకో జట్టుకు గురువారం. ఆ రోజుల్లో కొండ దాదాపు ఖాళీగా ఉంటుంది. బస్సు ఆదివారానికే పరిమితం కాకుండా ఆ రోజుల్లోనూ నడిస్తే, పారిశ్రామికవాడ గేటు దగ్గర ఆగి ఎక్కించుకుంటే, ఆదివారపు రద్దీ వారమంతా సర్దుకుంటుంది. షిఫ్టుల పట్టిక కంపెనీల దగ్గర ఉంటుంది, బస్సులు డిపోలో ఉన్నాయి. రెండింటినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే పని సంగారెడ్డి, వికారాబాద్‌ జిల్లాల కలెక్టర్లది.